మధూ, ఆ సీక్వెల్ ఫ్లాప్ కాదురా

మలక్‌పేట, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మధూ,

మొన్న ఫోన్‌లో మనం ఆడిన యుద్ధం వీడియో గేమ్ ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్‌కి సీక్వెల్ గురించి ఎత్తితే, ‘డ్రాగన్ రైజింగా? అది అట్టర్ ఫ్లాప్ కదరా’ అని ఒక్క ముక్కలో తేల్చేసి పెట్టేశావు. ఆ మాట అప్పట్నుంచి నన్ను వదలట్లేదు. ఫోన్‌లో అయితే నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఉత్తరం. అన్నం తిని తీరిగ్గా చదువు.

ముందు 2001లో వచ్చిన మన ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ గుర్తు తెచ్చుకో. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీది నెట్ సెంటర్, గంటకి 15 రూపాయలు, మూలనున్న కంప్యూటర్ మనది. మౌస్ నీది, కీబోర్డు నాది. వేరే ఆటల్లో పది గుళ్ళు తగిలినా పరిగెత్తేవాళ్ళం. ఇందులో ఎక్కణ్ణుంచో ‘టప్’మని ఒక్క చప్పుడు, ఎవడు కాల్చాడో తెలిసేలోపే మనోడు గడ్డిలో బోర్లా పడి ఉండేవాడు. పైగా మిషన్‌కి ఒక్కసారే సేవ్, చస్తే మళ్ళీ ఆ సేవ్ చేసిన చోటు నుంచే మొదలు. ఆ రోజు ఊరు దాటి అడవి అంచుకి చేరాక ఇక్కడ సేవ్ చేద్దామని నేను, ఆ చెట్ల దాకా వెళ్ళాక చేద్దామని నువ్వు. అంతలో కరెంటు పోయింది. గంటన్నర ఆట పోయింది. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చేదాకా నువ్వు నోరు విప్పలేదు. ఒక ఆట మనల్ని అంత భయపెట్టడం, అంత బాధపెట్టడం నేను మళ్ళీ చూళ్ళేదు.

ఆ ఆట తయారుచేసింది చెక్ దేశంలోని బొహీమియా ఇంటరాక్టివ్. దాన్ని అమ్మింది ఇంగ్లండ్‌లోని కోడ్‌మాస్టర్స్. వాళ్ళిద్దరూ విడిపోయినప్పుడు పేరు కోడ్‌మాస్టర్స్‌కి దక్కింది, ఆటని పుట్టించిన మనుషులూ, ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంజనూ బొహీమియా దగ్గర ఉండిపోయాయి. అన్నదమ్ముల పంపకాల్లో షాపు బోర్డు ఒకరికి, సరుకు ఇంకొకరికి వచ్చినట్టు. అందుకే 2009లో ఒకే ఆటకి రెండు వారసులొచ్చాయి. వేసవిలో బొహీమియా వాళ్ళ ఆర్మా 2, అక్టోబర్‌లో కోడ్‌మాస్టర్స్ వాళ్ళ డ్రాగన్ రైజింగ్. ఇది తెలియకుండా ఆ రివ్యూలు చదివితే సగమే అర్థమవుతాయి. డ్రాగన్ రైజింగ్ గురించి రాసిన ప్రతివాడి మనసులోనూ పాత ఆట ఒకవైపు, ఆర్మా 2 ఇంకోవైపు నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు నీ ‘ఫ్లాప్’ సంగతికొస్తా. ఈ వారం రోజులూ అప్పటి రివ్యూలు వెతికి చదివాను. రెండు ఆటలకీ వచ్చినవి సగటున వందకి డెబ్బైల్లో మార్కులు. మన పరీక్షల్లో అయితే డెబ్బై అంటే ఫస్ట్ క్లాసు, ఇంట్లో స్వీట్లు. గేమ్ రివ్యూల్లో మాత్రం తొంభై దాటితేనే గొప్ప, డెబ్బై అంటే జనానికి ‘ఏదో పాసైంది’ అని వినిపిస్తుంది. నువ్వు ఫ్లాప్ అనుకోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

మెచ్చుకున్నవాళ్ళు దేన్ని మెచ్చుకున్నారో చూడు. స్కిరా ద్వీపం. అలాస్కా పక్కన అల్యూషియన్ దీవుల్లో ఉన్న కిస్కా అనే నిజమైన దీవిని చూసి కట్టారు, దాదాపు 220 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడ్డ మన జీహెచ్‌ఎంసీ హద్దుల్లో మూడో వంతు అనుకో. అక్కడ అమెరికా మెరైన్లకీ చైనా సైన్యానికీ పోరు. దూరాలు, తుపాకుల మోత, నలుగురు స్నేహితులు కలిసి ఆడితే వచ్చే టెన్షన్, వీటిని చాలామంది ఇష్టపడ్డారు. తిట్టినవాళ్ళు తిట్టింది మన టీమ్‌లోని ముగ్గురు కంప్యూటర్ సైనికుల్ని. గోడ చాటుకి రమ్మంటే నడిరోడ్డు మీద నిలబడతారు. ఆ తిట్టు న్యాయమే, నిన్న ఆటలో నా టీమ్ మెడిక్, అంటే గాయాలకి కట్టు కట్టేవాడు, కూడా సరిగ్గా అదే పని చేశాడు. మిషన్లు పదకొండే, అంత దీవి పెట్టుకుని ఒక దారి పట్టించి నడిపిస్తారన్నారు. అదీ నిజమే.

కానీ అసలు దెబ్బ ఇంకోచోట ఉందిరా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో అప్పట్లో కొన్న డ్రాగన్ రైజింగ్ డిస్క్ ఇంకా నా దగ్గరుంది. పాత కంప్యూటర్‌లో వేసి నిన్న రాత్రి ఆడాను. కొండవాలు మీద పాకుతున్నాను. ఒక గుండు తగిలింది. నెత్తురు కారుతోంది, చూపు మసకబారుతోంది. తుపాకి వదిలేసి కట్టు కట్టుకోవాలి, ఆ కొన్ని క్షణాలు చేతిలో ఏమీ ఉండదు, అవతలివాడు ఎంత దగ్గరికొచ్చాడో తెలియదు. నా అరచేయి చెమట పట్టింది, అచ్చం మూల కంప్యూటర్ దగ్గర కూర్చున్నట్టే ఉంది. అంతలో ఆట దానంతటదే సేవ్ అయింది. చెక్‌పాయింట్! గుండెలో భయం ఠక్కున దిగిపోయింది. చచ్చినా ఇక్కణ్ణుంచే మొదలు కదా, ఇక దేనికి పాకడం? లేచి పరిగెత్తాను.

తర్వాత హార్డ్‌కోర్ మోడ్ పెట్టాను. అందులో చెక్‌పాయింట్లు లేవు, స్క్రీన్ మీద గుర్తులు లేవు, శత్రువు ఎటున్నాడో చెప్పే దిక్కు లేదు. మధూ, మన ఆట అక్కడుంది! మామూలు మోడ్ వెనకాల దాచిపెట్టేశారు. మొదటిసారి ఆడేవాడి చేతికి దాన్ని ఎందుకివ్వలేదని ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

ఆర్మా 2కి పడిన తిట్లు వేరు. నిండా బగ్గులు, చేతికి లొంగని మెనూలు. కానీ చెక్ దేశపు నిజమైన నేలని చూసి చేసిన ఆ చెర్నారస్ అనే కల్పిత దేశంలో ఎటైనా పోవచ్చు, దేన్నైనా మార్చుకోవచ్చు. 2012లో డీన్ హాల్ అదే నేల మీద డేజీ (DayZ) మాడ్, అంటే ఆ ఆటని మార్చి చేసిన కొత్త ఆట, చేస్తే, మూడేళ్ళ పాత ఆట మళ్ళీ ఎగబడి అమ్ముడైంది. రెండింటికీ ఇంచుమించు ఒకే మార్కులు. ఒకటి పదిమందికి ఆటస్థలం అయింది, ఇంకొకటి 2011లో తజికిస్తాన్‌లో నడిచే రెడ్ రివర్ అనే తర్వాతి ఆటతో ఆగిపోయింది. అదే ఏడాది బొహీమియా మన పాత ఆటని మళ్ళీ విడుదల చేసింది. పేరు వాళ్ళది కాదు కాబట్టి ‘ఆర్మా: కోల్డ్ వార్ అసాల్ట్’ అని పెట్టుకోవాల్సొచ్చింది. కన్నవాళ్ళే బిడ్డని వేరే పేరుతో పిలవాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అన్నట్టు, మన పాత ఆటలోని ఎవరాన్ దీవి మ్యాపు మనం గీసుకున్న లాంగ్ నోట్‌బుక్ మీ ఇంట్లోనే ఉండాలి. అట్ట మీద నీ రోల్ నంబరుంటుంది. అటక మీద చూడమని అమ్మని అడుగు. దొరికితే సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్రా. ఈసారి ఎక్కడ సేవ్ చేయాలో నువ్వే చెప్పు.

నీ
రవి