మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: పసిబిడ్డల తిండి గురించి ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ, వీధి లైట్లు, జమాఖర్చులు అన్నీ జనరల్ బాడీ మీటింగ్‌లో చదువుతాం, ఇక్కడ పసిపిల్లల సంగతే రాస్తున్నా, మన మహిళా విభాగం వాళ్లు ఈ ఏడాది ఎక్కువ తిరిగింది దీనికోసమే.

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు కదా, ఎప్పుడూ బాలింతల్నే పిలిచేవాళ్లం, ఈసారి అత్తల్ని, జేజిల్ని (నాయనమ్మల్ని) కూడా పిలిచినాం. పాలిచ్చేది కోడలైనా బిడ్డ నోట్లో ఏం పెట్టాలో చెప్పేది పెద్దోళ్లే కదా. "మేం తేనె నాకించి పెంచలేదా" అని గట్టిగానే అడిగినారు. ఏడాది నిండేదాకా తేనె వద్దే వద్దని, దానివల్ల బోటులిజం అనే ప్రమాదమైన జబ్బు రావచ్చని, పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలని ఆశా అక్క ఓపిగ్గా చెప్పింది.

అసలు వాదనంతా నీళ్ల మీదే. మన అనంతపురం ఎండలు తెలుసు కదా, ఏప్రిల్, మే వస్తే 40 డిగ్రీలు దాటిపోతాది, "మాకే నాలుక పిడచగట్టుకుపోతా ఉంటే పసిదానికి చుక్క నీళ్లు వద్దంటారేమ్మా" అని ఒక జేజి అడిగింది, న్యాయమైన ప్రశ్నే. తల్లిపాలల్లో దాదాపు 88 శాతం నీళ్లే ఉంటాయి, ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండైనా అవే చాలు, కాకపోతే మాటిమాటికీ పట్టాల, నీళ్లు పడితే ఆ చిన్న కడుపు నిండిపోయి బిడ్డ పాలు తాగదు, నీళ్లు మంచివి కాకపోతే విరేచనాలు కూడా. రోజుకి ఆరుసార్లన్నా ఉచ్చ పోస్తా, బరువు పెరుగుతా ఉంటే పాలు సరిపోతున్నట్టే. నీళ్లు బాగా తాగాల్సింది తల్లి.

డాక్టరు రాసిచ్చి డబ్బా పాలు పట్టే తల్లుల్ని దయచేసి ఎవరూ ఏమీ అనొద్దు. కానీ రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకి ప్రచారం చేయడం, ఫ్రీ శాంపిల్స్ ఇవ్వడం 1992 చట్టం ప్రకారం తప్పు, ఎవరన్నా ఇస్తే తీసుకోవద్దు.

ఆరు నెలలు నిండినాక పెట్టే తిండి అంగన్‌వాడీలో వండి చూపించినాం. రాగి జావ నీళ్లలా కాస్తే కడుపు నిండుతాది గానీ బలం రాదు, స్పూను వంచినా జారిపోనంత చిక్కగా ఉండాల. అందులో మెత్తగా దంచిన చెనక్కాయల పొడి, కాస్త నెయ్యి, మెదిపిన పప్పు, ఆకుకూర, గుడ్డు ఒక్కొక్కటే అలవాటు చేయాల. తల్లిపాలు మాత్రం రెండేళ్లదాకా ఆపొద్దు. అంగన్‌వాడీ వాళ్ల బాలామృతం పిండి ప్యాకెట్ బిడ్డ కోసం ఇచ్చేది, ఇంట్లో అందరికీ లడ్డూలు చేసి పంచేస్తే బిడ్డకి ఏం మిగులుతాది చెప్పండి.

జరగని పని ఒకటుంది, అది నన్ను బాధ పెడుతోంది. 2017 నుంచి జీతం ఉద్యోగాల్లో ఉన్నోళ్లకి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, చెనక్కాయ చేలల్లోకి కూలికి పోయే మన ఆడోళ్లకి ఆ సెలవు ఎవరిస్తారు? పొద్దున పోతే సాయంత్రం వస్తారు, అంతసేపూ బిడ్డ జేజి దగ్గర. పాలు పిండిపెట్టి పోవచ్చు గానీ మన ఎండకి బయట ఎక్కువసేపు నిలవవు. సంఘం గదిలో పాత ఫ్రిజ్ ఒకటి పెట్టి పాలు దాచుకోనిద్దామని అనుకుంటున్నాం, కరెంటు బిల్లు సంఘమే కట్టాల. దీనికి జనరల్ బాడీలో ఒప్పుకోండి, ఇంట్లో వాడకుండా ఉన్న ఫ్రిజ్ ఎవరిదన్నా ఉంటే సెక్రటరీ గారికి చెప్పండి.