చల్లని నీళ్లలో ఒకే తీరం: స్నార్కెలింగ్ బృందం వార్షిక నివేదిక, 2025

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారాలు.

వాషింగ్టన్ రాష్ట్రంలో నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ తీరంలో మన సంఘం తరఫున పనిచేస్తున్న స్నార్కెలింగ్ (ముఖం నీళ్లలో పెట్టి, గొట్టంతో గాలి పీలుస్తూ ఈదడం) బృందం 2025లో ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో బృంద సమన్వయకర్తగానూ, సముద్ర జీవశాస్త్రం వృత్తిగా ఉన్నవాడిగానూ మీకు విన్నవిస్తున్నాను. గత సర్వసభ్య సమావేశంలో పలువురు కొత్త కొత్త తీరాలకు తీసుకువెళ్లమని కోరారు. మేం మాత్రం ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్కులో కొత్తవారికి ఇచ్చిన శిక్షణ మినహా, ఏడాదంతా వెస్ట్ సియాటిల్‌లోని లింకన్ పార్కు తీరానికే మళ్లీ మళ్లీ వెళ్లాం. ఇది కొందరికి విసుగు తెప్పించిందని నాకు తెలుసు కనుక, దానికి కారణం ముందుగా చెప్పుకోవడం నా బాధ్యత.

2021 జూన్ 28న సియాటిల్ విమానాశ్రయం దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ వేసవిలో బాగా దిగే ఆటు పగటిపూటే వస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో నీరు వెనక్కి పోయి బయటపడిన రాళ్ల మీద గుల్లలూ, రాళ్లకు అతుక్కుని బతికే బార్నకిల్సూ ఉన్నచోటనే ఉడికిపోయాయి. ఆ వారం నేను లింకన్ పార్కు ఒడ్డున నిలబడి ముక్కు మూసుకున్నానే తప్ప, ఎంత నష్టం జరిగిందో ఒక్క అంకె కూడా చెప్పలేకపోయాను, ఎందుకంటే అంతకుముందు అక్కడ ఎన్ని ఉండేవో మన దగ్గర లెక్క లేదు. అందుకే తీరంలో మేం గుర్తుపెట్టుకున్న ఒకే గీత మీద, అవే నెలల్లో, అదే పద్ధతిలో లెక్కపెట్టాలనీ, ఏమీ కనబడకపోతే ఆ సున్నాను కూడా పుస్తకంలో రాయాలనీ ఈ ఏడాది నిర్ణయించుకున్నాం.

ఇక్కడి నీరు చలికాలంలో 8 డిగ్రీల దగ్గర, నడివేసవిలో 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. భీమిలిలోనో, రుషికొండలోనో ఈదుతూ పెరిగినవారికి ఈ నీళ్లలో మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది. అది భయం కాదు, చర్మానికి చలి తగలగానే శరీరం తనంతట తాను చేసే పని. అది సద్దుమణిగేదాకా నడుములోతులోనే నిలబడాలనే నియమాన్ని ఈ ఏడాది అందరూ పాటించారు. ఆటుపోట్ల మధ్య తేడా విశాఖలో ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూగా ఉంటే, సియాటిల్‌లో రోజువారీ సగటే సుమారు మూడున్నర మీటర్లు. కాబట్టి పోటు, ఆటు మారే మధ్యలో నీరు నిలకడగా ఉండే కొద్దిసేపట్లోనే మా పని ముగించుకోవాల్సి వచ్చేది.

మే నెలలో జరిగిన పొరపాటును దాచదలచుకోలేదు. ఒక అద్దె దుకాణం నుంచి తెచ్చిన వెట్‌సూట్లు (చలిని ఆపే రబ్బరు దుస్తులు) 7 మిల్లీమీటర్ల మందమున్నవని వారు చెప్పారు. విప్పి చూస్తే వాటిలో రెండు 3 మిల్లీమీటర్లవే. గాలికంటే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆ రెండూ తొడుక్కున్న యువ సభ్యులు నీళ్లలో ఉన్నంతసేపూ బాగానే ఉన్నారు గాని, ఒడ్డుకు వచ్చి టీ కప్పు పట్టుకున్నాక వణుకు మొదలై అరగంట దాకా ఆగలేదు. కాళ్లూ చేతుల్లోని చల్లబడిన రక్తం తిరిగి గుండె వైపు చేరేటప్పుడు ఒళ్లు ఇంకా చల్లబడుతుందని తెలిసి కూడా సూట్లను ముందుగా తడిమి చూడకపోవడం నా తప్పే. అప్పటినుంచి స్కేలు పెట్టి మందం కొలవకుండా ఎవరినీ నీళ్లలోకి దింపడం లేదు.

మా లెక్కలో ప్రధానమైనది బుల్ కెల్ప్. చాలామంది దీన్ని మామూలు నాచు అనుకుంటారు. నిజానికి ఇది వసంతంలో మొలిచి, ఒక్క వేసవిలోనే 10 మీటర్లకు మించి ఎదిగి, చలికాలపు తుపాన్లకు తెగి ఒడ్డుకు కొట్టుకువచ్చే, ఒక్క ఏడాదే బతికే అడవి. దీని అడవులను 2023లో వాషింగ్టన్ రాష్ట్రం తన అధికారిక సముద్ర అడవిగా ప్రకటించింది కూడా. ప్యూజెట్ సౌండ్ దక్షిణ భాగంలో 1870ల నాటితో పోలిస్తే ఇది సుమారు మూడింట రెండు వంతులు మాయమైంది. ముఖం నీళ్లలో పెట్టి దాని కాడ వెంట కిందికి చూస్తే, వేలెడు లావు గొట్టం మసక పచ్చదనంలోకి దిగిపోతూ కనబడుతుంది. పైన ఉల్లిగడ్డంత బుడగ తేలుతుంటుంది. ఆ బుడగలోని గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందంటే మన పిల్లలు నమ్మలేదు. ఆగస్టులో ఆకుల మీద ముదురు గోధుమరంగు మచ్చలు కనిపించాయి. బీజాలున్న ఆ మచ్చ ఆకు నుంచి ముక్కగా ఊడి నేరుగా అడుగుకు జారిపోతుంది, అంటే తల్లి మొక్క దగ్గరలోనే విత్తనం పడుతుంది. ఒకచోట అడవి పూర్తిగా పోతే అది తిరిగి రావడం ఎందుకంత కష్టమో ఇందువల్లే అర్థమవుతుంది. మా గీత మీద ఆగస్టులో బుడగల లెక్క జూలై కంటే తక్కువ వచ్చింది. ఒక్క ఏడాది లెక్కను చూసి కెల్ప్ తగ్గిందని చెప్పడం తొందరపాటు అవుతుంది కనుక ఇంతకంటే ఏమీ అనను.

పొద్దుతిరుగుడు నక్షత్రచేపకు ఎదురుగా ప్రతి నెలా సున్నాయే రాశాం. మీటరు వెడల్పు, 24 దాకా చేతులు, నక్షత్రచేపల్లోనే వేగంగా నడిచే ఈ జీవి 2013లో మొదలైన, ఒళ్లు కరిగి ఊడిపోయే శిథిల వ్యాధితో తన పరిధిలో 90 శాతానికి పైగా నశించింది. అది తినాల్సిన ముళ్లబంతుల్లాంటి సీ అర్చిన్లు తినేవాడు లేక పెరిగి కెల్ప్‌ను మేసేస్తాయి. ఆ శిథిల వ్యాధి వెనక ఉన్నది విబ్రియో పెక్టెనిసిడా అనే బ్యాక్టీరియా అని ఈ ఆగస్టులోనే పరిశోధకులు తేల్చారు. బ్రిటిష్ కొలంబియాలోని చల్లని ఫియర్డ్‌లలో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన లోతైన సముద్రపు పాయల్లో) ఈ నక్షత్రచేపలు ఇంకా బతికి ఉన్నాయన్నది, శాన్ హువాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్ ప్రయోగశాలలో 2019 నుంచి వీటిని పెంచుతున్నారన్నది కొంత ధైర్యమిచ్చే విషయం. ‘లేనిదాన్ని రాయడం ఎందుకు?’ అని సెప్టెంబరులో ఒక సభ్యురాలు అడిగారు. రేపు ఒక్కటి కనబడినా, అది కొత్తగా వచ్చిందా, లేక మనం ఇన్నాళ్లూ చూడకుండా వదిలేశామా అన్నది ఆ సున్నాలే చెబుతాయి.

జూన్ ఆటులో జరిగిన సంఘటన మాత్రం చెప్పి తీరాలి. ఒక అబ్బాయి రాయి ఎత్తగానే దాని కింద నుంచి గురక లాంటి శబ్దం వచ్చింది. పొట్ట కింద బొత్తాల్లా చుక్కలున్న మిడ్‌షిప్‌మన్ చేప, మగది, నీళ్లు లేని బురదలో పడుకుని రాయి అడుగుకు అతుక్కున్న పసుపురంగు గుడ్లను కాపలా కాస్తోంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే, మగది వారాల తరబడి అక్కడే ఉంటుంది. ఆటు సమయంలో గాలి పీల్చి బతుకుతుంది. అబ్బాయి రాయిని ఎత్తినంత నెమ్మదిగా, అదే వైపుకు, అదే గుంటలో తిరిగి ఉంచాడు. ఆ రోజు పక్కన తిరుగుతున్న ఇతర సందర్శకులు తలకిందులుగా వదిలేసిన రాళ్లు సరిచేయడానికే మాకు గంట పట్టింది. ఒడ్డున రాళ్లు తిప్పడాన్ని మన కార్యక్రమాల్లో పూర్తిగా ఆపేయాలని ప్రతిపాదిస్తున్నాను.

బయటి నుంచి వచ్చి స్థానిక జీవులకు హాని చేసే ఐరోపా పచ్చపీత విషయం క్లుప్తంగా చెబుతాను. ఇది లింకన్ పార్కులో మాకు ఇంకా కనబడలేదు. కనబడితే చంపవద్దు, పట్టుకుని తీసుకువెళ్లవద్దు. ఫోటో తీసి రాష్ట్ర మత్స్యశాఖకు తెలపండి. రంగును నమ్మకండి, పెంకుకు కళ్ల పక్కగా ఒక్కోవైపు 5 ముళ్లున్నాయా అని చూడండి. నిరుడు ఇద్దరు సభ్యులు స్థానిక పీతలనే పచ్చపీతలనుకుని కంగారుపడ్డారు.

జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా అందజేస్తారు. మా బృందం కోరేది ఒక్కటే, అద్దెకు తెచ్చే పద్ధతి మాని నాలుగు 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్లు, హుడ్‌లతో సహా, సంఘమే కొనాలని. 2026లోనూ లింకన్ పార్కు గీతనే కొనసాగిస్తాం. చలికాలంలో లోతైన ఆటులు రాత్రిపూట వస్తాయి కనుక జనవరి, ఫిబ్రవరి లెక్కలను టార్చిలైట్లతో ఒడ్డు మీద నడుస్తూ చేస్తాం, నీళ్లలోకి ఎవరూ దిగరు. ఇంట్లో ఉండిపోయిన గ్లవ్స్, మాస్కులు మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, జనవరి మొదటి వారంలోగా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
సమన్వయకర్త, స్నార్కెలింగ్ బృందం