ఒరేయ్ శీనూ, నువ్వొకసారి రావాలి

ఒరేయ్ శీనూ,

జవాబు బాగా ఆలస్యమైంది, కోప్పడకు. అమ్మకి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, దాంతో నాకూ లేదు. మిగతా కబుర్లు గబగబా చెప్పేస్తాను: పిల్లదాని పరీక్షలైపోయాయి, నా మోకాలి నొప్పి తగ్గింది, మన మేజర్ గారు ఇంకా మీసం తీయలేదు. ఇక అసలు సంగతి, అమ్మ మతిమరుపు జబ్బు గురించి.

కమల పిన్ని వచ్చింది! అదేరా, మనిద్దర్నీ గోడ మీద పట్టుకున్న పిన్ని. అందరిలాగే వస్తూనే "నేనెవరో చెప్పు చూద్దాం" అంటుందేమోనని నాకు ఒకటే టెన్షన్. ఆ ప్రశ్న వింటే అమ్మ ముఖం ఎంత చిన్నబోతుందో నువ్వు చూడలేదు. పిన్ని ఆ మాటే అనలేదు. "నేను కమలని, నిన్ను చూద్దామని వచ్చా" అంటూ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, తమ స్కూలు కబుర్లు మొదలుపెట్టింది. అమ్మ కాసేపు ఊ కొట్టింది. తర్వాత ఏమైందనుకున్నావ్? లేచి నిలబడి వాళ్ల లెక్కల మాస్టారు ఎలా నడిచేవారో నడిచి చూపించింది! ఈమధ్య రెండు ముక్కలకి మించి మాట్లాడని మనిషిరా. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

పిన్ని వెళ్లాక "ఎవరొచ్చారమ్మా?" అంటే "ఎవరూ రాలేదే" అంది. నాకు గుండె జారిపోయింది. కానీ చీకటి పడేదాకా కూనిరాగం తీస్తూనే ఉంది. మందులు కూడా మారాం చెయ్యకుండా వేసుకుంది.

ఇదెలా సాధ్యమని చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్లు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. అల్జీమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బు ఉన్న 17 మందికి కొన్ని ఏడుపు సన్నివేశాలు, ఇంకోసారి కొన్ని నవ్వించేవి చూపించారు. కాసేపటికే ఏం చూశారో చాలావరకు మర్చిపోయారు. ఆ బాధ, ఆ సంతోషం మాత్రం వాళ్లలో అలాగే ఉన్నాయి. కొత్త జ్ఞాపకాన్ని దాచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగాన్ని ఈ జబ్బు ముందుగానే దెబ్బతీస్తుంది. మనసుకి కలిగిన భావం నిలవడానికి ఆ జ్ఞాపకమే ఉండనక్కర్లేదన్నమాట. అంటే మనం విసుక్కుంటే, ఎందుకో తెలియకుండానే ఆ బాధ వాళ్లలో మిగిలిపోతుంది కదా. అది తలుచుకుంటే... సరే, వదిలెయ్.

నువ్వు రాశావు చూడు, "అమ్మ నన్ను గుర్తుపట్టదు కదా, వచ్చి మాత్రం ఏం లాభం" అని. అది చదివి నాకు ఏడుపొచ్చింది. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇంకోటి విను. షికాగోలో రష్ అనే వైద్య కేంద్రం పరిశోధకులు 2006లో ఏం చెప్పారంటే, తరచూ కలిసే ఆత్మీయులు ఎక్కువ మంది ఉన్న వృద్ధుల మెదడులో, చనిపోయాక చూస్తే, అల్జీమర్స్ తెచ్చే ప్రోటీన్ చిక్కుముళ్లు చాలానే ఉన్నాయట. అయినా బతికుండగా వాళ్ల జ్ఞాపకం, ఆలోచన, అంతే జబ్బు ఉండి ఆత్మీయులు తక్కువున్నవాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నాయి. జబ్బు అంతే ఉన్నా, దాని దెబ్బ తక్కువ. ఒక దారి మూసుకుపోతే సందుల్లోంచి ఇల్లు చేరినట్టు, మెదడు వేరే దారులు వాడుకుంటుందని ఒక వివరణ. మనుషులతో మాట్లాడ్డమంటే వినాలి, ముఖం చదవాలి, పాత సంగతి తవ్వాలి, జవాబు వెతకాలి. మెదడుకి అంత పని ఇంకెక్కడ దొరుకుతుంది?

కబుర్లతో జబ్బు నయమైపోతుందని కాదురా, నాకూ తెలుసు. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. జబ్బు బయటపడక ముందే కొందరు మనుషుల్లోంచి తప్పుకోవడం మొదలుపెడతారు. కాబట్టి ఒంటరితనం కారణమా, ఫలితమా అని తేల్చడం కష్టం. అందుకే లండన్ ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనం నాకు నచ్చింది. పదివేల మందికి పైగా ఉన్నారు అందులో. 60 ఏళ్ల వయసులో దాదాపు రోజూ స్నేహితుల్ని కలిసేవాళ్లకి, కొన్ని నెలలకోసారి ఒకరిద్దర్ని కలిసేవాళ్ల కన్నా డిమెన్షియా (ఇలాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి) వచ్చే అవకాశం 12 శాతం తక్కువగా కనిపించింది. చుట్టాల్ని కలవడంలో ఆ తేడా కనిపించలేదట! ఈ మాట మీ బావకి మాత్రం చెప్పకు.

అమ్మకి చెవి పరీక్ష కూడా చేయించాను. వినపడకపోతే మనిషి మాటల్లోంచి తప్పుకుంటుంది కదా. లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన 14 డిమెన్షియా ముప్పుల్లో వినికిడి లోపం, ఒంటరితనం రెండూ ఉన్నాయి. చెవి మిషన్ పెట్టాక టీవీ గోల తగ్గింది, పలకడం పెరిగింది.

నువ్వు రారా. పేరు నువ్వే చెప్పుకో, పరీక్షలు పెట్టకు, ఆ "గంట కొట్టేశారు" కథ మొత్తం చెప్పు. అప్పట్లో అమ్మ దానికి ఎంత నవ్వేదో. వచ్చేటప్పుడు మన పదో తరగతి ఫోటో, నీ దగ్గరున్న పెద్దది, అది కూడా...

అమ్మ లేచినట్టుంది, పిలుస్తోంది. ఏ తేదీన వస్తావో వెంటనే రాయి.

నీ
రాంబాబు