బెంగకూ ఉక్రోషానికీ తరగతి గదిలో చోటివ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించుకోవాలన్నది వాటిలో ముఖ్యమైనది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు కాబట్టి ఆ ఆదేశం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే కౌన్సెలర్ గది దాకా వెళ్లాలంటే పిల్లలకు ముందు తమ మనసులో ఏముందో చెప్పుకోవడం తెలియాలి. అది పదో తరగతిలోనో ఇంటర్‌లోనో ఒక్కసారిగా వచ్చేది కాదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. రెండేళ్ల క్రితం ఏడో తరగతి పిల్లవాడొకడు పక్కవాడి నోటుపుస్తకం చించేశాడు. ఎందుకని అడిగితే 'కోపమొచ్చింది సార్' అన్నాడు. నేను వాణ్ణి బయట నిలబెట్టాను. తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళ్లారనీ, వాడు అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడనీ, ఆ పక్కవాడు 'మీ అమ్మ ఇక రాదు' అని ఏడిపించాడనీ నాలుగు రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. వాడిది బెంగ, దాని మీద ఉక్రోషం. రెంటికీ వాడి దగ్గర ఉన్నది కోపం అనే ఒక్క మాటే. ముందు అడిగి తెలుసుకోకపోవడం నా తప్పు.

అప్పటినుంచి హాజరు తీసుకున్నాక అయిదు నిమిషాలు దీనికే కేటాయిస్తున్నాను. ఆ రోజు మనసెలా ఉందో ప్రతి ఒక్కరూ ఒక్క మాటలో చెబుతారు, ఇష్టం లేనివారు ఊరుకోవచ్చు. మొదట్లో అందరి నోటా 'టెన్షన్', 'బోర్' తప్ప మరో మాట రాలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు విడివిడిగా వాడే దిగులు, గుబులు, కినుక, రోషం, అలక వంటి మాటలను ఒక్కొక్కటిగా బోర్డు మీద రాసి, ఎప్పుడెప్పుడు అలా అనిపిస్తుందో వాళ్లచేతే చెప్పించాను. కొన్ని వారాలకు ఒక అమ్మాయి 'కోపం కాదు సార్, తిరిగి ఏమీ అనలేకపోయానని ఉక్రోషం' అంది. అలా చెప్పగలిగిన పిల్లతో, ఇప్పుడేం చేద్దాం, ఎవరితో మాట్లాడదాం అని సంభాషణ మొదలుపెట్టవచ్చు. ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, తప్పు చేస్తే క్షమాపణ అడగడం, వద్దని గట్టిగా చెప్పడం కూడా ఇలాగే సాధనతో వస్తాయి.

ఇది చదువుకు అడ్డమనే వారికి ఒక విషయం మనవి చేస్తాను. ఇటువంటి 213 కార్యక్రమాల ఫలితాలను, అంటే దాదాపు 2 లక్షల 70 వేల మంది విద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఈ శిక్షణ పొందిన పిల్లలు చదువులో కూడా మెరుగుపడ్డారని తేలింది. అలాగని ఏ పద్ధతైనా పనిచేస్తుందనుకోకూడదు. బ్రిటన్‌లో 85 పాఠశాలలను తీసుకుని, వాటిలో దాదాపు సగం చోట్ల మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు, అంటే శ్వాస మీద, ఆ క్షణం మీద మనసు నిలిపే సాధన, చెప్పించి చూస్తే, అప్పటికే అక్కడ నడుస్తున్న సామాజిక, భావోద్వేగ బోధన కన్నా అదనపు మేలేమీ కనిపించలేదని 2022లో తేల్చారు. కాబట్టి కళ్లు మూసుకుని కూర్చోబెడితే చాలునన్న భ్రమ మనకు వద్దు.

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2018 జులైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా 'హ్యాపీనెస్' పాఠ్యప్రణాళిక ప్రవేశపెట్టినప్పుడు దానికి విడిగా పీరియడ్ ఇచ్చి, పరీక్ష మాత్రం పెట్టలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ నియమాన్ని కచ్చితంగా పాటించాలని నా విన్నపం. సిలబస్ పూర్తి కాలేదని లెక్కలకో సైన్సుకో ఇచ్చేయని పీరియడ్లు 6, 7, 8 తరగతులకు వారానికి రెండైనా ఉండాలి. ప్రోగ్రెస్ కార్డులో దీనికి మార్కులు గానీ గ్రేడు గానీ వేయకూడదు, వేస్తే పిల్లలు మనకు నచ్చే జవాబే చెబుతారు. ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ వీడియోలు చూపించి శిక్షణ అయిందనిపించవద్దు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట కేటాయించి, మా తరగతుల్లో జరిగిన సంఘటనలనే మా చేత చర్చింపజేయాలి. ఈ విద్యా సంవత్సరంలోనే మండలానికి ఒక్క కాంప్లెక్స్‌లోనైనా దీన్ని మొదలుపెట్టాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా