ఆదివారం మురుగు కోడు దగ్గరికి రండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికి మురుగు కోడు, అంటే పొలాల నీళ్లు బయటికి పోయే కాలువ, వంతెన దగ్గర కలిసి దాన్ని శుభ్రం చేద్దాం. గుర్రపుడెక్క మళ్లీ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అల్లుకుపోయింది. కిందటి సార్వాలో (వానాకాలం పంటలో) నాలుగు రోజులు నీరు లాగక, పొట్ట మీదున్న చేలు మునిగిపోయాయి. చివరికి తూము దగ్గర దిగి చూస్తే అడ్డం పడింది రెండు సిమెంటు సంచులు, ఒక కొబ్బరి మొద్దు, వాటికి చుట్టుకున్న డెక్క. ఆరుగురు కుర్రాళ్లకు గంటన్నర పని. అదే గంటన్నర ముందే పెట్టి ఉంటే ఎంత పంట దక్కేదో అని నాకు ఇప్పటికీ మనసు పీకుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి మన డెల్టాకి నీళ్లొచ్చే దారి ఏర్పడింది. మనలాంటి పల్లపు ఊళ్లకు నీళ్లు పోయే దారి కూడా అంతే ముఖ్యం.

ఇంకో మాట. 18 ఏళ్లు నిండి ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. కిందటి సభలో మీలో ఒక్కరూ కనపడలేదు. పంచాయతీ ప్రణాళికలో ఏ పని రాయాలో అడగాల్సింది అక్కడే. తూము ఫొటోలు, తేదీలతో సహా మీ ఫోన్లలోనే ఉన్నాయి, తెచ్చి చూపించండి. అమ్మాయిలు తప్పకుండా మాట్లాడాలి. కుళాయి ఏ వేళకి వస్తుందో, ఎన్ని బిందెలకి ఆగిపోతుందో వాళ్లకి తెలిసినంత మాకు తెలియదు.

కొడవళ్లు, పొడుగు కర్రలు తెచ్చుకోండి. ఈత రానివాళ్లు గట్టు మీదే ఉండాలి. టీ, ఇడ్లీ మా ఇంటి నుంచి. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడ పేరు పెట్టండి.