ఉసిరికాయ మంచిదే, మరి మూసీ నీళ్లు?

సంపాదకులకు నమస్కారం.

మాది నల్లగొండ జిల్లాలో, హైదరాబాద్ మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసుకొచ్చే మూసీ నీళ్లు పారే ఊరు. ఈ మధ్య వాట్సాప్‌లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, పసుపు, ఉసిరి తింటే ఒంట్లోని సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలు కడుక్కుపోతాయని, పిల్లలు పుట్టట్లేదన్న టెన్షన్ తీరిపోతుందని. ఇందులో నిజం కొంతే.

కాడ్మియం వృషణాల్లో, అండాశయాల్లో కణాలను ఆక్సీకరణతో దెబ్బతీస్తుంది. ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్, పసుపులోని కర్క్యుమిన్, ఉసిరిలో దండిగా దొరికే విటమిన్ సి ఆ దెబ్బను తగ్గించినట్టు పరిశోధనల్లో కనిపించింది, కానీ అవి చాలావరకు ఎలుకల మీద చేసినవి, అదీ మనం కూరలో వేసే చిటికెడు పసుపుతో వచ్చే మోతాదు కాదు. ఇంకో మాట, రంగు కోసం లెడ్ క్రోమేట్ (సీసం ఉండే పచ్చరంగు పొడి) కలిపిన పసుపు కొంటే సీసాన్ని మనమే తిన్నట్టు!

నన్నడిగితే ముందు రక్తహీనత సంగతి చూడాలి. ఒంట్లో ఇనుము తక్కువుంటే పేగులు సీసాన్ని, కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి, మన ఆడవాళ్లలో ఎంతమందికి రక్తం తక్కువో అందరికీ తెలుసు. మగవాళ్లు బీడీ మానాలి, ఆ పొగలోనూ కాడ్మియం ఉంది.

ఉల్లి, ఉసిరి తినొద్దని నేననను. కానీ ఒకసారి ఒంట్లో చేరిన కాడ్మియం ఏళ్ల తరబడి పోదు. అందుకే అధికారులు మూసీ వెంబడి ఊళ్లలో నీళ్లు, ఆకుకూరలు, పాలు పరీక్ష చేయించి, ఫలితాలు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించాలి.

– మూసీ ఆయకట్టు రైతు, నల్లగొండ జిల్లా