ఇల్లు వెతకడంలో ముందు కాగితం, చివర అడ్వాన్సు

సంపాదకుడు గారికి నమస్కారం.

దసరా దగ్గర పడుతోందంటే చాలు, హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ ఆఫర్ల, అంటే అనుమతులు రాకముందే ఫ్లాట్లు అమ్మే ఆఫర్ల, హడావుడి మొదలవుతుంది. ఈ ఆదివారంలోపు బుక్ చేసుకుంటే చదరపు అడుగు మీద ఇంత తగ్గిస్తామంటూ ఫోన్లు, వాట్సాప్ సందేశాలు వస్తాయి. కొనేవాళ్లు ముందు సైటు చూసి, నచ్చగానే లక్షో రెండు లక్షలో టోకెన్ ఇచ్చేస్తారు. ఆ తర్వాత బ్యాంకుకు, అన్నిటికన్నా చివర లాయరు దగ్గరికి వెళ్తారు. ఈ వరస పూర్తిగా తలకిందులు. డబ్బు చేతులు మారాక లోపం బయటపడితే ఆ డబ్బు తిరిగి రాదన్న భయం పట్టుకుంటుంది. ఆ భయంతోనే చాలామంది కళ్లు మూసుకుని రిజిస్ట్రేషన్ దాకా వెళ్లిపోతున్నారు.

ఇల్లు కొనాలనుకున్నవాళ్లు కనీసం ఆరేడు నెలల ముందు పని మొదలుపెట్టాలి. మొదటి రెండు నెలలూ ఒక్క సైటు కూడా చూడనక్కర్లేదు. ముందు మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదిక తీసుకోవాలి. ఏడాదికి ఒకసారి ఉచితంగానే ఇస్తారు. తీర్చేసిన పాత క్రెడిట్ కార్డు బాకీ ఇంకా ఉన్నట్టు చూపడం, ఎవరికో పెట్టిన హామీ సంతకం మన పేరు మీద కనపడటం మామూలే. వీటిని సరిచేయించడానికి నెల పైనే పట్టవచ్చు. బ్యాంకు అప్పు ఇవ్వనన్నాక ఈ సంగతి తెలిస్తే అప్పటికే అగ్రిమెంటు గడువు నెత్తిమీద ఉంటుంది.

తర్వాత చేతి డబ్బు లెక్క. 60 లక్షల ఫ్లాటు తీసుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. అంటే అప్పు 48 లక్షలు, మనం పెట్టుకోవాల్సింది 12 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. దీన్ని ఆస్తి విలువలో కలిపి అప్పు ఇవ్వరు. కడుతూ ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ 5 శాతం, మరో మూడు లక్షలు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. మొత్తం మీద ఇంటీరియర్లూ, అపార్ట్‌మెంటు నిర్వహణ కోసం ముందే కట్టించుకునే కార్పస్ ఫండూ కాక పందొమ్మిదిన్నర లక్షలు చేతిలో ఉండాలి. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పయితే లక్షకు నెలకు దాదాపు 870 రూపాయల కిస్తీ పడుతుంది. 48 లక్షలకు నెలకు 41,700 రూపాయల దాకా కట్టాలి. ఇది చేతికొచ్చే జీతంలో నలభై శాతం దాటుతుంటే ఫ్లాటు ధర తగ్గించుకోవాలి గానీ, చేతి డబ్బు కోసం పర్సనల్ లోన్‌కు పోకూడదు. ఆ లోన్ కిస్తీ వల్ల గృహరుణానికి అర్హత ఇంకా తగ్గుతుంది.

ఇక ఇల్లు చూడటానికి కాలం. ఆషాఢం, మూఢం అని ఆ రోజుల్లో ఎవరూ సైట్ల వైపు రారు. కొనకపోతే మానె, చూడటానికి అంతకన్నా మంచి రోజులు లేవు. వానలు పడుతూ ఉంటాయి, అమ్మేవాళ్లకు తీరిక ఉంటుంది, బేరమూ కుదురుతుంది. పెద్ద వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లి సెల్లారులో నీళ్లున్నాయా, వీధిలోకి వచ్చే దారి మునిగిందా, గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడాలి. 2020 అక్టోబరు వరదల్లో మునిగిన కాలనీల్లో చాలావాటికి వేసవిలో చూస్తే ఏ లోటూ కనపడదు. అలాగే ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి వెళ్లి వాచ్‌మన్‌ను అడగాలి: రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయి, బోరు ఎన్ని అడుగుల లోతు? ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక కొన్న ఇంట్లో ఈ రెండు బాధలూ కొత్తగా మొదలవవు.

ప్రీలాంచ్ సంగతి విడిగా చెప్పాలి. స్థిరాస్తి ప్రాజెక్టుల్ని నియంత్రించే రెరా చట్టం 2016 ప్రకారం, రెరా సంస్థ దగ్గర రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మడమే కాదు, ప్రకటించడం, బుకింగులు తీసుకోవడం కూడా నేరమే. ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా పడుతుంది. రిజిస్టరయిన ప్రాజెక్టులో కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్ల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ప్రీలాంచ్‌లో ఈ మూడు రక్షణల్లో ఒక్కటీ ఉండదు. ప్లాను మంజూరు కాకముందే యూడీఎస్ పేరుతో భూమిలో వాటా రాసిచ్చి మొత్తం సొమ్ము ఒకేసారి తీసుకుంటారు. అనుమతి రాకపోతే కొన్నవాడి చేతిలో మిగిలేది నలుగురైదుగురితో కాదు, వందలమందితో కలిసి ఉన్న విడదీయరాని వాటా. దాన్ని అమ్ముకోలేడు, అందులో కట్టుకోనూలేడు. ఇలాంటి వాటికి బ్యాంకులు గృహరుణం ఇవ్వవు, కొనేవాళ్లకు అదొక్కటే చాలినంత హెచ్చరిక కావాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాలనీల్లో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఈ కోవలోవే. అక్కడ చూసుకునే భారమంతా కొనేవారిదే.

కాగితాల్లో ఎక్కువమంది మోసపోయేది ఈసీ (ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే పత్రం) దగ్గర. ఇంటి నంబరుతో ఈసీ తీసి, ఏమీ రాలేదు కాబట్టి స్వచ్ఛమే అనుకుంటారు. ఇంటి నంబరు పడకముందు జరిగిన లావాదేవీలన్నీ సర్వే నంబరు కిందే ఉంటాయి. అందుకని గ్రామం, సర్వే నంబరుతో ఒకసారి, ప్లాటు నంబరుతో ఒకసారి, దస్తావేజు నంబరుతో ఇంకోసారి తీయాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వారసుల తగాదాలు, కోర్టు కేసులు చాలావరకు ఈసీలో కనపడవు. కనుక లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, ముప్పై ఏళ్ల వెనక్కి చదివించాల్సిందే. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

చెరువు హద్దులు మరీ ముఖ్యం. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి. అవి ప్రాథమిక నోటిఫికేషన్‌వా, తుది నోటిఫికేషన్‌వా అన్నది గమనించాలి. ప్రాథమికమైతే హద్దు మారవచ్చు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక జరిగిన కూల్చివేతలు చూశాం. బ్యాంకు అప్పు ఇచ్చింది కదా, రిజిస్ట్రేషన్ అయింది కదా అన్నది చెరువు హద్దు ముందు సమాధానం కాదు.

ఇంకో మాట. అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతం భాగాన్ని బిల్డరు మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటేనే అది విడుదలవుతుంది. మనం కొనే ఫ్లాటు ఆ తనఖాలో ఉన్నదేనా అని చాలామంది అడగరు. అడగాలి, ఆ తనఖా దస్తావేజు నకలు తీసుకుని ఫ్లాటు నంబరు సరిచూసుకోవాలి. పాత ఫ్లాటు కొంటూ, అమ్మేవారు అమెరికాలో ఉంటే మరో జాగ్రత్త. 50 లక్షలు, ఆపైన ఆస్తికి అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి కొనేవారు ఒక శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను కోత) మినహాయించే నియమం ఇక్కడ నివసించేవారికే. ఎన్నారైకి కోత చాలా ఎక్కువ, కోయకపోతే ఆదాయపు పన్ను శాఖ అడిగేది కొన్నవాళ్లనే.

ఇందులో ప్రభుత్వం చేయాల్సింది, పత్రికలు చేయాల్సింది కూడా ఉంది. ఈసీ ఒక వెబ్‌సైట్‌లో, రెరా వివరాలు మరో చోట, చెరువు మ్యాపు ఇంకో చోట, ప్లాను మంజూరు వేరే చోట ఉన్నాయి. సర్వే నంబరు కొడితే నాలుగూ ఒకే తెర మీద వచ్చే ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. ప్లాను లేని స్థలంలో ఒకరి తర్వాత ఒకరికి భూమి వాటాలు రిజిస్టర్ అవుతుంటే ఆ సమాచారం వెంటనే రెరాకు చేరాలి. ప్రాజెక్టు ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ప్రముఖంగా వేయాలని చట్టమే చెబుతోంది. రెరా వర్తించే ప్రాజెక్టుకు ఆ నంబరు లేని ప్రకటనను, అది క్లాసిఫైడ్స్‌లో రెండు లైన్లదైనా సరే, మీ పత్రిక తీసుకోకూడదని మా మనవి.

ఇట్లు,
ఆస్తి దస్తావేజులు పరిశీలించే న్యాయవాది,
ఎల్బీనగర్, హైదరాబాద్